తప్పు పట్టే స్పీకరు, తోడుండే స్పీకరు

జపాన్‌కు చెందిన యమహా కంపెనీ 1978లో ఇళ్ల కోసం ఒక చిన్న స్పీకర్ల జత తెచ్చింది. పేరు ఎన్ఎస్-10ఎం. పుస్తకాల అరలో పట్టేంత నల్లటి పెట్టె, ముందు భాగంలో తెల్లటి కాగితపు కోను. ఇంట్లో కూర్చుని పాటలు వినేవాళ్లకు అది రుచించలేదు. బేస్ పల్చగా ఉందనీ, పైస్వరాలు చెవిలో గుచ్చుకుంటున్నాయనీ పెదవి విరిచారు. మామూలుగానైతే దాని కథ అక్కడితో ముగిసిపోవాలి. కానీ రికార్డింగ్ ఇంజనీర్లు దాన్ని తీసుకెళ్లి మిక్సింగ్ బల్ల మీద పెట్టుకున్నారు. దాన్ని స్టూడియోల్లో ప్రచారంలోకి తెచ్చినవారిలో ఎక్కువగా వినబడే పేరు అమెరికన్ మిక్సింగ్ ఇంజనీరు బాబ్ క్లియర్‌మౌంటెన్‌ది. 1980లలో పెద్ద స్టూడియోల ఫొటోలు తీసి చూడండి, బల్ల మీద ఆ తెల్ల కోన్లు కనబడతాయి. పైస్వరాల పదును తగ్గించడానికి కొందరు ట్వీటరు ముందు టిష్యూ కాగితం అంటించుకునేవారు. 1987లో యమహా తానే పైస్వరాలను సవరించి, స్టూడియోల కోసమే ఒక రకాన్ని విడుదల చేసింది. కోనుకు కావలసిన కలప గుజ్జు దొరకడం లేదంటూ 2001లో తయారీ ఆపేసింది.

ఇంకో చిన్న పెట్టె సరిగ్గా దీనికి ఎదురు దిక్కున నడిచింది. బయటి కార్యక్రమాలను రికార్డు చేసి ప్రసారం చేయడానికి బీబీసీకి వ్యాన్లు ఉండేవి. వాటిలో పెద్ద స్పీకర్లకు చోటు లేదు, హెడ్‌ఫోన్లతో పని తృప్తిగా సాగేది కాదు. 1970లలో బీబీసీ పరిశోధన విభాగం ఆ వ్యాన్ల కోసమే అడుగు ఎత్తు స్పీకరు ఒకటి తయారుచేసింది. దాని పేరు ఎల్ఎస్3/5ఏ. పల్చటి ప్లైవుడ్ గోడలు, లోపల కంపనాలను అణచే పూత, ట్వీటరు చుట్టూ ఉన్ని అట్ట ముక్కలు. మనిషి గొంతు మనిషి గొంతులాగే వినబడాలన్నది దాని మీద పెట్టుకున్న మొదటి షరతు. తయారీ హక్కులను రోజర్స్, స్పెండర్ వంటి కంపెనీలకు ఇచ్చారు. అవి అమ్మిన పెట్టెలు వ్యాన్లలో కన్నా ఇళ్లలోనే ఎక్కువగా చేరాయి. బ్రిటన్ నుంచి జపాన్, హాంకాంగ్ దాకా సంగీతప్రియులు వాటిని ఇప్పటికీ వెతికి వెతికి కొంటున్నారు.

ఇంటి కోసం పుట్టింది స్టూడియోలో స్థిరపడింది. పని కోసం పుట్టింది ఇంట్లో ప్రాణం పోసుకుంది. స్టూడియో సామాను అంటే ఇంటి సామాను కన్నా ఒక మెట్టు పైది అని మనలో చాలామందికి గట్టి నమ్మకం. ఖరీదైన హైఫై సామాను కొనేవాళ్లలో దీనికి తలకిందులైన నమ్మకం ఉంది: స్టూడియో, స్టేజీ సామాను మొరటుదనీ, సున్నితమైన సంగీతం దానికి పలకదనీ. ఆ రెండు స్పీకర్ల కథ చూస్తే ఈ రెండు నమ్మకాలూ నిలబడవు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనే లెక్క ఇక్కడ లేదు. రెంటికీ అప్పజెప్పిన పనులు వేరు. ఆ పనేమిటో తెలిస్తే పెట్టె వెనక ఉన్న సాకెట్ల దగ్గర్నుంచి లోపలి ఫ్యాను దాకా ప్రతి తేడాకూ కారణం దొరుకుతుంది.

స్టూడియోలో స్పీకరు చేయాల్సిన పని తప్పు పట్టుకోవడం. గాయని పాడిన ఒక పల్లవిని ఇంజనీరు పదేపదే వింటున్నాడనుకుందాం. ఆయన రాగం కోసం వినడం లేదు. ‘స’, ‘ష’ దగ్గర వచ్చే ఈల శబ్దం మోతాదు దాటిందా? ఆ రొద ఎక్కువగా 5,000 నుంచి 8,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. ‘ప’, ‘భ’ పలికినప్పుడు నోటి గాలి మైకుకు తగిలి దబ్‌మందా? చరణానికి ముందు తీసిన ఊపిరి వినబడాలా, కొట్టేయాలా? రెండు టేకులు అతికిన చోట అతుకు తెలుస్తోందా? ఇవన్నీ అక్కడే, ఆ నిమిషమే వినబడాలి. కప్పిపుచ్చి తియ్యగా వినిపించే స్పీకరు ఆ గదిలో పనికిరాదు. పాట బయటికి వెళ్లాక ఫోనులో, కారులో, ఆటోలో, సినిమా హాల్లో ఎక్కడపడితే అక్కడ మోగుతుంది. తప్పు అప్పుడు బయటపడితే దిద్దే దారి ఉండదు.

మరి ఎన్ఎస్-10లో ఏముంది? దాని స్పందన సమతలంగా ఉండదు. 2,000 హెర్ట్జ్‌కు కాస్త ఇటుగా ఉబ్బు ఉంటుంది, కింది స్వరాలు త్వరగా పడిపోతాయి. ఫిలిప్ న్యూయెల్, కీత్ హాలండ్ తదితరులు 2001లో దాన్ని ఇతర స్టూడియో మానిటర్ల పక్కన పెట్టి కొలిచి చూశారు. గాలి రంధ్రం లేకుండా మూసేసిన పెట్టె కావడంతో దెబ్బ పడగానే మోగుతుంది, దెబ్బ ఆగగానే ఆగుతుంది. కింది స్వరాలు గదిలో సాగుతూ కూర్చోవు. డ్రమ్ము ఎక్కడ ఆగింది, బేస్ గిటారు ఎక్కడ మొదలైంది అన్న గీత స్పష్టంగా తెలుస్తుంది. మధ్య స్వరాల ఉబ్బు గొంతులో ఉన్న లోపాన్ని ఎత్తిచూపుతుంది. ఇంట్లో సాయంత్రం రెండు గంటలు కూర్చుని వినడానికి పనికిరాని గుణమే మిక్సింగ్ బల్ల మీద అక్కరకొచ్చింది.

ఇక వైర్ల సంగతికి వద్దాం. కొత్తగా హోమ్ స్టూడియో పెట్టుకున్నవాళ్లు తడబడే మొదటి చోటు ఇదే.

ఇంటి సామాను ఒకదానితో ఒకటి మాట్లాడుకునే విద్యుత్ సంకేతం సగటున 0.316 వోల్టుల దగ్గర ఉంటుంది. స్టూడియో సామానులో అది 1.23 వోల్టులు, అంటే దాదాపు నాలుగు రెట్లు. స్టూడియో పరికరాల నుంచి వచ్చే శిఖర సంకేతం కొన్నిట్లో 12 వోల్టులు కూడా దాటుతుంది. ఇంట్లో సీడీ ప్లేయరు గరిష్ఠంగా ఇచ్చేది 2 వోల్టులు. అందుకే స్టూడియో మిక్సరు ఔట్‌పుట్ తెచ్చి ఇంటి ఆంప్లిఫయరుకు నేరుగా తగిలిస్తే నాబ్ కాస్త తిప్పీ తిప్పకముందే మోత మోగుతుంది. కొన్ని ఆంప్లిఫయర్లలో ఇన్‌పుట్ దగ్గరే సంకేతం నలిగి గొంతు బరబరలాడుతుంది. తప్పు ఏ పరికరానిదీ కాదు, రెండూ రెండు వేర్వేరు కొలమానాల మీద తయారయ్యాయి. మిక్సరులో ఔట్‌పుట్ తగ్గించుకుంటే సరిపోతుంది.

కొలమానం ఎందుకు వేరయింది? దూరం వల్ల. ఇంట్లో ప్లేయరుకూ ఆంప్లిఫయరుకూ మధ్య మీటరు వైరు ఉంటే ఎక్కువ. పెళ్లి మండపంలో మైకు నుంచి మిక్సరు దాకా ముప్పై, నలభై మీటర్ల కేబులు పరుస్తారు. దాని పక్కనే లైట్ల వైర్లు, జనరేటరు తీగలు పడి ఉంటాయి. ఆ తీగల్లో సెకనుకు 50 సార్లు ఊగే కరెంటు పక్కనున్న మైకు కేబులులోకి కూడా కొంత చొరబడుతుంది. అదే మనకు స్పీకర్లలో వినబడే గుయ్‌మనే రొద.

దీనికి ప్రొఫెషనల్ సామాను కనిపెట్టిన ఉపాయం బ్యాలెన్స్‌డ్ లైన్. ఎక్స్‌ఎల్‌ఆర్ అని పిలిచే మూడు పిన్నుల ప్లగ్గు దానికి గుర్తు. ఒక పిన్ను షీల్డుకు, మిగతా రెండూ సంకేతానికి. ఆ రెండు తీగలనూ మెలిపెట్టి ఒకే రకంగా ఉంచుతారు కాబట్టి బయటి రొద రెండింటి మీదా సమానంగా పడుతుంది. అవతలి పరికరం ఆ రెండు తీగల మధ్య తేడాను మాత్రమే చదువుతుంది. త్రాసు రెండు సిబ్బెలలోనూ ఒకే బరువు ఇసుక పడితే ముల్లు కదలదు, ఇక్కడా అంతే. మైకు గొంతు మాత్రం ఆ రెంటి మధ్య తేడాగా వస్తుంది కనుక అది ఒక్కటే మిగులుతుంది. ఇంటి సామానులోని ఆర్‌సీఏ ప్లగ్గుకు ఉన్నది ఒక సంకేత తీగ, దాని చుట్టూ షీల్డు. మీటరు దూరానికి అది నిక్షేపంగా పనిచేస్తుంది. కాబట్టి అలమారాలో ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు పరికరాల మధ్య ఎక్స్‌ఎల్‌ఆర్ ఉందని లక్షలు ఎక్కువ పోయడం వల్ల పాటకు ఒరిగేది ఏమీ లేదు.

ఇదే ఏర్పాటుతో ఇంకో పని కూడా జరుగుతుంది. స్టూడియోలో వాడే కండెన్సర్ మైకుకు కరెంటు కావాలి. దానికోసం రెండు సంకేత తీగల్లోనూ సమానంగా 48 వోల్టులు పంపుతారు. రెండింటా ఒకే వోల్టేజీ ఉంది కాబట్టి అది సంకేతంలో కలవదు, మామూలు డైనమిక్ మైకు తగిలించినా దానికి హాని ఉండదు. 1966లో జర్మనీ కంపెనీ నాయ్‌మన్ నార్వే రేడియో కోసం ఈ పద్ధతి తెచ్చింది. ఆ స్టూడియోల్లో అత్యవసర దీపాలకు 48 వోల్టుల సరఫరా అప్పటికే ఉండడంతో అదే ప్రమాణమై కూర్చుంది. ఈ రోజు మన ఊళ్లో పాటలు రికార్డు చేసుకునే కుర్రాడి ఆడియో ఇంటర్‌ఫేస్ మీద ‘48’ అని రాసిన మీట ఉన్నది అందుకే.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. రొద వస్తోందని ఆంప్లిఫయరు ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను విరిచేయడం, దాని తీగ కత్తిరించడం మన దగ్గర చాలా చోట్ల అలవాటుగా సాగుతోంది. రొద తగ్గుతుంది, నిజమే. కానీ లోపల ఇన్సులేషన్ పోయిన రోజున ఇనుప పెట్టె, దానికి తగిలించిన మైకు, గిటారు తీగలు అన్నింట్లోకీ 230 వోల్టులు వస్తాయి. చెమట చేతులతో మైకు పట్టుకున్న పాటగాడికి అది ప్రాణాంతకం. రొద పోవాలంటే ఆడియో దారిలో డీఐ బాక్సు గానీ, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు గానీ పెట్టాలి. అన్ని పరికరాలకూ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వాలి. మెయిన్స్ ఎర్త్‌ను మాత్రం ఎన్నడూ ముట్టుకోకూడదు.

ప్రొఫెషనల్ అనగానే స్టూడియో ఒక్కటే గుర్తుకొస్తే సగం చిత్రం తప్పిపోతుంది. రెండో సగం స్టేజీ. జాతరలో, సభలో, డీజే బండి మీద మోగే సామాను స్టూడియో సామానుకు కూడా దూరపు చుట్టమే.

వాటిని విడదీసే అంకె సెన్సిటివిటీ. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ మోగుతుందన్నది దాని అర్థం. ఇంట్లో వాడే మంచి స్పీకరు 86 దగ్గర ఉంటుంది. ఎల్ఎస్3/5ఏ ఇంకా తక్కువ, 83 చుట్టుపక్కల. డీజేలు ‘టాప్’ అని పిలిచే పెట్టెలో పైస్వరాలకు హారన్ బిగించి ఉంటుంది కాబట్టి 98 దాకా వస్తుంది. మంచి ఇంటి స్పీకరుకూ టాప్‌కూ మధ్య ఈ పన్నెండు డెసిబెల్స్ తేడా అంకెగా చిన్నదే, లెక్కలో పదహారు రెట్ల పవరు. ఇంటి స్పీకరు 100 వాట్లు తీసుకుని మోగేంత మోత డీజే టాప్ ఆరు వాట్ల చిల్లరతోనే మోగిస్తుంది. ఆరుబయట దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ ఆరు డెసిబెల్స్ పడిపోతాయి. పదహారు మీటర్ల అవతల నిలబడ్డ మనిషికి చేరేసరికి 24 డెసిబెల్స్ కరిగిపోయి ఉంటాయి. అక్కడ ఇంటి స్పీకరు నోరు పెగలదు.

అంత మోగే పెట్టెను ఇంటికే తెచ్చుకుంటే పోలేదా అని అడగొచ్చు. భౌతికశాస్త్రం ఒప్పుకోదు. చిన్న పెట్టె, లోతైన బేస్, ఎక్కువ మోత - ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి, మూడోది వదులుకోవాలి. స్పీకర్ల తయారీలో దీన్ని హాఫ్‌మన్ సూత్రం అంటారు. కేఎల్‌హెచ్ అనే అమెరికన్ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఆంటన్ హాఫ్‌మన్ పేరు అది. 1954లో ఎడ్గర్ విల్చర్ కట్టిన ఏఆర్-1 స్పీకరు ఇళ్ల దారి ఏమిటో తేల్చేసింది. పెట్టెను గాలి చొరకుండా మూసి, లోపలి గాలినే స్ప్రింగులా వాడుకుని, మోతను వదులుకుని చిన్న పెట్టెలోంచి లోతైన బేస్ రాబట్టింది. స్టేజీ వాళ్లు చిన్న పెట్టెను వదులుకున్నారు. అందుకే బేస్ బిన్నులు మోయడానికి నలుగురు మనుషులు కావాలి.

ఎక్కువ సెన్సిటివిటీ ఉన్న పెట్టెకు నట్టింట్లో ఇంకో చిక్కుంది. ఆంప్లిఫయరులో సహజంగా ఉండే సన్నటి ‘స్‌స్‌’ రొదను కూడా అది పెద్దది చేసి వినిపిస్తుంది. మైదానంలో అది ఎవరికీ తెలియదు. రాత్రి పదింటికి, మీటరున్నర దూరంలో కూర్చుని వీణ వింటున్నవారికి తెలుస్తుంది.

ఆంప్లిఫయర్లలోని తేడాకు కారణం వేడి. మామూలు స్పీకరు తీసుకున్న కరెంటులో ఒక శాతం కూడా ధ్వనిగా మారదు. 88 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకరుకు 100 వాట్లు ఇస్తే ధ్వనిగా బయటికి వచ్చేది అర వాటు లోపే. తక్కినదంతా వాయిస్ కాయిల్‌లో, అంటే కోనును కదిపే తీగ చుట్టలో, వేడిగా మిగులుతుంది. రాగి తీగ ఒక డిగ్రీ వేడెక్కితే దాని నిరోధం 0.39 శాతం పెరుగుతుంది. ఊరేగింపులో గంటల తరబడి మోగిన కాయిల్ 200 డిగ్రీలు వేడెక్కిందంటే నిరోధం దాదాపు 80 శాతం పెరిగిందన్నమాట. అదే వోల్టేజీకి కరెంటు సగానికి దగ్గరగా పడిపోతుంది, మోత తగ్గుతుంది. మోత తగ్గిందని ఆపరేటరు ఇంకా పెంచుతాడు. కాయిల్ కాలిపోయే దారి ఇదే. అందుకే స్టేజీ స్పీకర్లకు పెద్ద కాయిళ్లు, గాలి తగిలే మార్గాలు పెడతారు. కాలిపోతే కోను, కాయిల్ మార్చుకునే వీలూ ఉంచుతారు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ దుకాణాల్లో అలాంటి విడిభాగాలు అడిగి కొనుక్కోవచ్చు. ఇంటి కోసం కొన్న ఖరీదైన స్పీకరులో యూనిట్ పోతే కంపెనీ నుంచి రప్పించుకోవడం తప్ప తరచూ వేరే దారి ఉండదు. ఈ ఒక్క విషయంలో స్టేజీ సామానుదే పైచేయి అని నేను నిస్సంకోచంగా చెబుతాను.

స్టేజీ ఆంప్లిఫయరులో ఫ్యాన్లు గిర్రున తిరుగుతుంటాయి. 19 అంగుళాల ర్యాకులో ఒకదాని మీద ఒకటి బిగించినా, మే నెల ఎండలో పందిరి పక్కన పెట్టినా అది ఆగకూడదు. ఇంటి ఆంప్లిఫయరు ఆ ఫ్యాను శబ్దాన్నే ఒప్పుకోదు. బరువైన అల్యూమినియం రెక్కల ద్వారా వేడిని చడీచప్పుడు లేకుండా గాలిలోకి వదులుతుంది. అచ్చమైన క్లాస్-ఏ ఆంప్లిఫయరైతే పాట మోగినా మోగకపోయినా కరెంటు తాగుతూనే ఉంటుంది, తాగినదాంట్లో సగానికి పైగా వేడిగా పోతుంది. స్టేజీ మీద దాన్ని ఎవరూ భరించలేరు. చలి దేశపు గదిలో అదొక సౌఖ్యం, మన వేసవిలో ఏసీ బిల్లు.

గుడి మీది లౌడ్‌స్పీకరు సంగతి ఇంకో రకం. ఆంప్లిఫయరు గర్భగుడి పక్కన గదిలో, హారన్లు వీధి చివర. మామూలు పద్ధతిలో 100 వాట్లు 8 ఓముల స్పీకరుకు పంపాలంటే తీగలో మూడున్నర ఆంపియర్లు పారాలి. అదే సంకేతాన్ని 100 వోల్టులకు పెంచి పంపితే ఒక్క ఆంపియర్ చాలు, తీగలో నష్టం పన్నెండో వంతుకు తగ్గుతుంది. హారను దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మరు దాన్ని మళ్లీ దించుతుంది. మన ఊళ్లలో ఏళ్లుగా కనబడే అహుజా ఆంప్లిఫయర్ల వెనక 100 వోల్టుల టెర్మినల్ ఉండేది ఇందుకే. మాట అర్థమైతే చాలు, సంగీతం వినబడక్కర్లేదు అన్న పనికి అది సరిగ్గా సరిపోయిన ఏర్పాటు.

ఒకరి పని కోసం చేసినది ఇంకొకరి ఇష్టంగా మారడం ఈ రంగంలో మామూలే. 1938లో వెస్ట్రన్ ఎలక్ట్రిక్ సినిమా హాళ్ల ఆంప్లిఫయర్ల కోసం 300బీ అనే వాక్యూమ్ ట్యూబు తెచ్చింది. ఒక్క ట్యూబుతో కట్టిన ఆంప్లిఫయరు ఇచ్చేది ఎనిమిది వాట్లు. ఆనాటి హాళ్లలో తెర వెనక పెద్ద పెద్ద హారన్లు ఉండేవి కాబట్టి కొద్ది వాట్లతోనే జనానికి వినబడేది. ఈ రోజు అదే ట్యూబును హైఫై ప్రియులు వేలు, లక్షలు పోసి కొంటున్నారు. జేబీఎల్ కంపెనీ 4310 అనే తన స్టూడియో మానిటరుకు కొత్త ముస్తాబు చేసి 1970లో ఎల్100 పేరుతో ఇళ్లకు అమ్మింది. గోడ ఒకటి ఉంది గానీ దానికి తలుపులు చాలా ఉన్నాయి.

ఇంతకీ వినబడే ధ్వనిలో తేడా ఎంత? చాలా చోట్ల మనం అనుకున్నదాని కన్నా తక్కువ. కొన్ని చోట్ల అసలు లేదు.

స్పీకరు కేబులు తీసుకోండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి తీగ నిరోధం మీటరుకు సుమారు 0.007 ఓములు. మూడు మీటర్ల దూరానికి రానూపోనూ కలిపి 0.04 ఓములు. ఎనిమిది ఓముల స్పీకరు ముందు అది లెక్కలోకి రాదు. అదే దూరానికి వేల రూపాయల కేబులు వేసినా ఈ లెక్క మారదు. స్టూడియోల గోడల వెనక కిలోమీటర్ల కొద్దీ పరిచే కేబులు మీటర్ల చొప్పున కోసి అమ్మే మామూలు సరుకే. మనం ఇంట్లో వినే పాట ఆ తీగల గుండానే వచ్చింది.

హై-రిజల్యూషన్ ఆడియో మాట కూడా ఇలాంటిదే. 1982లో వచ్చిన సీడీలో సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కోటీ 16 బిట్లు. మనిషి చెవికి వినబడే 20,000 హెర్ట్జ్ దాకా అది పట్టుకోగలదు. నెమ్మది శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య 96 డెసిబెల్స్ ఎడం ఇస్తుంది. 2007లో అమెరికాలో బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరన్ ఒక పరీక్ష ప్రచురించారు. హై-రిజల్యూషన్ డిస్కును నేరుగా ఒకసారి, సీడీ ప్రమాణానికి కుదించి ఇంకోసారి వినిపించి, ఏది ఏదో చెప్పమన్నారు. 554 సార్లలో సరైన జవాబులు 276. ఊరికే ఊహించి చెప్పినా అన్నే వస్తాయి. స్టూడియోలో 24 బిట్లు వాడడానికి మాత్రం గట్టి కారణం ఉంది. పాటగాడు ఏ క్షణాన గొంతు ఎత్తుతాడో ముందు తెలియదు కాబట్టి ఇంజనీరు రికార్డింగ్ స్థాయిని కిందికి దించి చోటు వదులుకుంటాడు. ఆ వదిలిన చోటుకు పనికొచ్చే బిట్లు అవి. పాట పూర్తయ్యాక ఇంట్లో వినేవారికి ఆ అవసరం లేదు.

మరి లక్షల రూపాయల పెట్టె బాగుందని అనుభవించి చెప్పేవాళ్లంతా అబద్ధం చెబుతున్నారా? ఎంతమాత్రం కాదు. కెనడా జాతీయ పరిశోధన మండలిలోనూ, తర్వాత హర్మన్ కంపెనీలోనూ పనిచేసిన ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో నలభై మందికి నాలుగు స్పీకర్లు వినిపించారు. ఒకసారి కనబడేలా, ఇంకోసారి తెర వెనక. చూస్తూ విన్నప్పుడు పెద్దవిగా, ఖరీదైనవిగా కనబడినవాటికి మార్కులు ఎక్కువ పడ్డాయి, చిన్నదానికి తగ్గాయి. తెర దించాక ఆ తేడా చాలావరకు చెరిగిపోయింది. కన్ను చెవికి సాయం చేయడం మనిషి స్వభావం, అందులో సిగ్గుపడాల్సింది లేదు. ఏళ్ల తరబడి సాగిన వాళ్ల పరిశోధనలో తేలిన ఇంకో సంగతి నాకు ఇంకా విలువైనదిగా తోస్తుంది. తెర వెనక వినిపించినప్పుడు ఎక్కువమంది ఇష్టపడినవి ఎదురుగా సమతలంగా, పక్కలకు నునుపుగా మోగే స్పీకర్లు. ఇళ్లలో వినేవాళ్లూ, వృత్తిగా వినేవాళ్లూ ఇందులో చాలావరకు ఒకేలా ఓటేశారు.

కాబట్టి స్పీకరులో తేడా నిజం. దాని కన్నా పెద్ద నిజం గది. దాని మీద పైసా పెట్టేవాళ్లు మాత్రం తక్కువ. మన ఇళ్లలో పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గదులు ఎక్కువ. కాంక్రీటు గోడలు, కింద టైల్సు, పైన శ్లాబు. పది అడుగుల ఎడంలో ఎదురెదురు గోడల మధ్య సుమారు 56 హెర్ట్జ్ ధ్వని ఇరుక్కుని ఊగుతుంది. ఎత్తు కూడా పది అడుగులే అయితే నేలకూ శ్లాబుకూ మధ్య మళ్లీ అదే 56. గది చదరమైతే మూడో దిక్కున కూడా అదే. మూడూ కలిసి ఆ ఒక్క స్వరాన్ని ఉబ్బించి, పక్క స్వరాలను మింగేస్తాయి. స్పీకరును మూలకు నెట్టారంటే ఆ ఉబ్బు ఇంకా పెరుగుతుంది. స్టూడియో వాళ్లు దీన్ని ఎదుర్కోవడానికే గోడలకు మందపాటి రాక్‌వూల్ పలకలు కడతారు. స్పీకర్లను మీటరు, మీటరున్నర దూరానికి దగ్గర చేసుకుంటారు. అలా చేస్తే గది కన్నా స్పీకరు ముందు వినబడుతుంది. ఫిన్లాండ్ కంపెనీ జెనెలెక్ 1978లో పుట్టినప్పటి నుంచీ చేస్తున్న మానిటర్ల వంటివాటిలో ఆంప్లిఫయరు పెట్టెలోనే ఉంటుంది. గోడకు దగ్గరగా పెడితే బేస్ తగ్గించుకునే మీటలు వాటి వెనక ఉంటాయి. చాలామంది కొన్నాక వాటిని ముట్టుకోరు. పెట్టె తిప్పి చూడండి, డబ్బు ఖర్చు లేకుండా దొరికే మెరుగు అక్కడ ఉంది. గోడల నిండా గుడ్ల అట్టలు అంటించే అలవాటు మాత్రం మానుకోవాలి. అవి పైస్వరాలను కొద్దిగా అదుపు చేస్తాయి, బేస్‌ను ఏమీ చేయలేవు, నిప్పురవ్వ పడితే భగ్గుమంటాయి.

ఇంకో తేడా ఎంత గట్టిగా వింటున్నామన్నదాంట్లో ఉంది. 1933లో బెల్ లేబొరేటరీస్‌లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు: శబ్దం తగ్గే కొద్దీ చెవికి బేస్ మరీ తగ్గినట్టు తోస్తుంది. అందుకే స్టూడియోలో పనిచేసేవారు తమకు అలవాటైన ఒకే స్థాయిలో వింటారు, లేకపోతే బేస్ మోతాదు మీద తీర్పు మారిపోతుంది. ఇళ్లలో రాత్రిళ్లు చిన్నగా వినేవాళ్ల కోసం పాత స్టీరియోల మీద ‘లౌడ్‌నెస్’ బటన్ ఉండేది. తగ్గిన బేస్‌ను అది తిరిగి పూడ్చేది. కొత్త పరికరాల్లో చాలావాటి నుంచి దాన్ని తీసేశారు. అది తిరిగి రావాలని నా కోరిక. పక్క గదిలో పిల్లలు నిద్రపోతుండగా పాట వినే ఇంటికి అవసరమైన సౌకర్యం అది.

సొంతంగా పాడి, రికార్డు చేసి యూట్యూబులో పెడుతున్న తెలుగు కుర్రకారు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. వాళ్లకు కావలసినవి స్టూడియో మానిటర్లు, బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు, చెవులు మూసే హెడ్‌ఫోన్లు. తెరిచిన వెనక భాగం ఉన్న హెడ్‌ఫోన్లు ఇంట్లో వినడానికి ఎంత హాయిగా ఉన్నా, పాడేటప్పుడు పెట్టుకుంటే ట్రాకు శబ్దం మైకులోకి కారుతుంది. సాయంత్రం కాసేపు ఘంటసాలనో, బాలమురళీకృష్ణనో వినాలనుకునేవారికి స్టూడియో మానిటరు తప్పనిసరి కాదు, తప్పూ కాదు. పాత రికార్డింగుల్లోని గరగరలు అది దాచదని తెలిసి కొనుక్కోవాలి. హాలంతా నిండేలా నలుగురూ కలిసి వినే ఇంటికి మామూలు హైఫై స్పీకర్లే నయం. డీజే పెట్టెలను మాత్రం నట్టింటికి తేవద్దు.

కొనే ముందు మీకు బాగా తెలిసిన రెండు పాటలు, తెలిసినవాళ్ల మాటల రికార్డింగ్ ఒకటి వెంట తీసుకెళ్లండి. రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు రెండింటి మోతా సమానంగా ఉండేలా చూడమని దుకాణదారును అడగండి. ఒక్క డెసిబెల్ ఎక్కువ మోగినది కూడా మనకు మెరుగ్గా తోస్తుంది. ఫోనులో శబ్దం కొలిచే యాప్ ఆ పాటి పోలికకు సరిపోతుంది. ఏది మోగుతోందో మీకు చెప్పకుండా స్నేహితుణ్ని మార్చమనండి. వీలైతే ఇంటికి తెచ్చి, మీ గదిలో, గోడకు రెండడుగులు ఎడంగా పెట్టి వినండి. చేతిలో ఉన్న డబ్బులో పెద్ద వాటా స్పీకర్లకు, తర్వాతి వాటా గదికి, ఆ తర్వాత ఆంప్లిఫయరుకు కేటాయించండి. కేబుళ్లకు కరెంటు సామాన్ల కొట్టు చాలు.